తెలుగు నేలపై వేసవి తొలిరోజుల్లో అరుదైన పక్షులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉగాది దాటాక రోహిణి కార్తె వచ్చేలోగా పక్షుల గురించి అడిగేవాళ్లు ఒక్కసారిగా పెరుగుతారు. "ఇదేం పిట్టండీ, ఎప్పుడూ చూడలేదు" అంటూ మసక ఫొటో ఒకటి పంపుతారు. వాటిలో కొన్ని నిజంగానే అరుదైనవి. కొన్ని మనింటి ముందు రోజూ తిరిగేవే, మనమే సరిగ్గా చూసి ఉండం. ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు రెండు తెలుగు రాష్ట్రాలను దృష్టిలో పెట్టుకుని ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

మార్చి నుంచి మే దాకా కొత్త పక్షులు ఎందుకు ఎక్కువగా కనిపిస్తాయి?

చలికాలం మన దగ్గర గడిపిన వలస పక్షులు తిరుగు ప్రయాణం కట్టేది ఈ రోజుల్లోనే. దక్షిణాన తమిళనాడు, కేరళ, శ్రీలంకల్లో ఉన్నవి కూడా ఉత్తరానికి వెళ్తూ మన మీదుగానే పోతాయి. రాత్రంతా ఎగిరి, తెల్లవారేసరికి ఎక్కడ చెట్టు కనిపిస్తే అక్కడ దిగుతాయి. అందుకే అడవిలో ఉండాల్సిన పక్షి అపార్ట్‌మెంటు వెనక ఉన్న మామిడి చెట్టు కింద కనిపిస్తుంది.

నీళ్లు తగ్గడం రెండో కారణం. నవంబరులో వంద చెరువుల్లో చెదిరి ఉన్న పక్షులన్నీ ఏప్రిల్ నాటికి నీళ్లు మిగిలిన పది చెరువులకు చేరతాయి. ఇన్నాళ్లూ అవి ఉన్నాయి, మన కంటికి ఆనింది ఇప్పుడే. పైగా అడవుల్లో ఆకు రాలిపోయి కొమ్మలు బోసిగా ఉంటాయి. మర్రి, రావి, జువ్వి, మేడి చెట్లు పండు మీద ఉంటాయి. కాపుకొచ్చిన ఒక్క జువ్వి చెట్టు కింద పొద్దున గంటసేపు నిలబడితే పచ్చ గువ్వలు, వంగపండు పిట్టలు, కోకిలలు వరుసగా కనిపిస్తాయి. అంత దగ్గరగా మరో కాలంలో దొరకవు.

అసలు "అరుదు" అని దేన్ని అంటారు?

పక్షి పేరొక్కటే చూసి అరుదో కాదో చెప్పలేం. ఏ ఊళ్లో, ఏ నెలలో అన్నది కూడా చూడాలి. జనవరిలో జొన్న చేల మీద వేల గులాబీ గోరింకలు వాలితే అది మామూలే. జూన్ నడిమధ్యలో ఒక్కటి కనిపించినా రాసిపెట్టుకోవాల్సిన విషయమే, ఎందుకంటే అప్పటికి అవి మధ్య ఆసియాలో గూళ్ల దగ్గర ఉండాలి. తూర్పు కనుమల్లో సాధారణంగా కనిపించే పక్షి కర్నూలు మెట్ట భూముల్లో కనిపిస్తే అక్కడికి అది అరుదే. కాబట్టి "ఇది అరుదైనదేనా?" అని అడిగేటప్పుడు ఊరు, తేదీ తప్పకుండా చెప్పండి. అవి లేకుండా ఎంత మంచి ఫొటో పంపినా సగం జవాబే దొరుకుతుంది.

మా పెరట్లో రంగురంగుల పిట్ట నేల మీద గెంతుతోంది. తోక దాదాపు లేనట్టే ఉంది. ఏమిటది?

పొన్నంకి పిట్ట. కొందరు నవరంగి అంటారు. వీపు ఆకుపచ్చ, గొంతు తెలుపు, కంటి మీదుగా మెడ వెనక్కి నల్లటి పట్టీ, రెక్క మీద మెరిసే నీలం, పొట్ట లేత గోధుమ, తోక కింద కుంకుమ ఎరుపు. ఇన్ని రంగులున్నా నీడలో ఎండుటాకుల మీద కదలకుండా నిలబడితే మూడడుగుల దూరంలో ఉన్నా దొరకదు. ఆకును ముక్కుతో పక్కకు విసిరి, రెండు గెంతులు వేసి, ఆగి, పొట్టి తోకను మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తుంది. ఆ తోక ఆడింపు చూశాకే చాలామంది దాన్ని కనిపెడతారు.

చలికాలం దక్షిణ భారతంలో, శ్రీలంకలో గడిపి, గూళ్లు కట్టడానికి మధ్య భారత అడవులకు, హిమాలయ పాదాల్లోని అడవులకు వెళ్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన మీదుగా సాగే ప్రయాణం అదే. పొద్దున చీకటి విడిపోతున్నప్పుడు, సాయంత్రం వెలుగు తగ్గుతున్నప్పుడు రెండు స్వరాల ఈల వేస్తుంది. మిగతా రోజంతా నోరు మెదపదు. కళ్లు చీకటికి అలవాటుపడే ఆ పావుగంటలో చెవి పెడితే, మీ కాలనీలో ఇన్నేళ్లుగా లేదనుకున్న పక్షి అక్కడే ఉందని తెలుస్తుంది.

రాత్రి ప్రయాణంలో అలసిపోయి ఇళ్లలోకి రావడం, అద్దాలకు కొట్టుకుని పడిపోవడం దీనికి తరచుగా జరిగేదే. పట్టుకుని పంజరంలో పెట్టకండి. ఏం చేయాలో కింద, ఎండదెబ్బ ప్రశ్న దగ్గర రాశాం.

తెల్ల కొంగ తల, మెడ నారింజ రంగులోకి మారింది. కొత్త జాతా? రంగు పూశారా?

రెండూ కాదు. పశువుల వెంట తిరిగే చిన్న తెల్ల కొంగే అది. గూడు కట్టే కాలం దగ్గర పడితే తల, మెడ, వీపు మీద నారింజ ఈకలు వస్తాయి. చెరువు గట్టున మట్టిరంగులో ముడుచుకుని కూర్చునే గుడ్డి కొంగ కూడా ఇదే కాలంలో ముదురు మెరూన్ వీపుతో, తల వెనక పొడవాటి ఈకలతో గుర్తుపట్టలేనట్టు మారుతుంది. ఈ రెండింటి ఫొటోలే మాకు అందరికంటే ఎక్కువమంది పంపుతారు.

సముద్ర తీరంలో ఈ మార్పు ఇంకా అందంగా ఉంటుంది. కోరింగ బురద నేలల్లో, పులికాట్ అంచుల్లో చలికాలమంతా బూడిద రంగులో ఒకదానికొకటి తేడా తెలియకుండా తిరిగిన ఉల్లంకి జాతి పక్షులు ఏప్రిల్‌లో రంగు తేలతాయి. కర్ల్యూ శాండ్‌పైపర్ ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. పసిఫిక్ గోల్డెన్ ప్లవర్ ముఖం నుంచి పొట్ట దాకా నల్లబడుతుంది. ఈ రంగులో మన దగ్గర కనిపించేది కొద్ది వారాలే. జనవరిలో వీటిని చూసి విసిగి వదిలేసినవాళ్లు ఏప్రిల్‌లో ఒక్కసారి వెళ్లి రావాలి.

మా ఊరికి ఏటా సైబీరియా కొంగలు వస్తాయి. ఇప్పుడు పిల్లలు కూడా ఉన్నాయి. అవి నిజంగా అంత దూరం నుంచి వస్తాయా?

రావు. శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు పెట్టేవి ఎర్రకాళ్ల కొంగలు. శ్రీకాకుళం జిల్లా తేలుకుంచికి వానలతో పాటు వచ్చేవి నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు. తేలినీలాపురంలో, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో కనిపించేవి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఇవన్నీ మన దేశపు పక్షులే. నీళ్లు, చేపలు ఎక్కడ ఉంటే అక్కడికి కొన్ని వందల కిలోమీటర్లు తిరుగుతాయి, పాత చెట్లకే మళ్లీ వచ్చి పిల్లల్ని పెంచుతాయి. ఏదైనా పక్షి ఎక్కడ గూడు పెడితే అదే దాని సొంత ఊరు. పిల్లలు మీ ఊళ్లో పుడుతున్నాయంటే అవి మీ ఊరివే.

నిజంగా సైబీరియా ఉత్తరపు అంచుల దాకా వెళ్లేవి పైన చెప్పిన ఆ చిన్న బురద పక్షులు. పిచ్చుక కంటే కాస్త పెద్దవి. వాటి కోసం ఎవరూ బోర్డులు పెట్టరు. పెట్టాలని మా కోరిక.

వీరాపురం లాంటి ఊళ్లలో జనం ఈ కొంగలను శుభంగా భావించి, వాటిని ఎవరూ కొట్టకుండా కాపలా కాస్తారు. ఎండలు ముదిరి చుట్టుపక్కల చెరువులు ఎండితే తల్లులు మేత కోసం దూరం పోవాల్సి వస్తుంది, పిల్లలు గూళ్లలోంచి జారి పడతాయి. మీ ఊళ్లో అలా జరిగితే అటవీ శాఖకు చెప్పండి. గూళ్లున్న చింతచెట్ల కొమ్మలు ఈ కాలంలో నరకనివ్వకండి.

రాజహంసలు (ఫ్లెమింగోలు) ఏప్రిల్‌లో కూడా ఉన్నాయి. వెళ్లిపోవాలి కదా?

పులికాట్ సరస్సులో నీళ్లు తగ్గేకొద్దీ ఎక్కువ భాగం వెళ్లిపోతాయి. ఆ ఏడు గూడు పెట్టని వాటిలో, వయసుకు రాని వాటిలో కొన్ని నీళ్లున్నంత కాలం ఉండిపోతాయి. బూడిద రంగు కలిసిన, గులాబీ ఇంకా పట్టని పక్షులు కనిపిస్తే అవి చిన్నవి. అంకె, తేదీ రాసిపెట్టుకోండి. వేసవి లెక్కలు చలికాలపు లెక్కల కంటే చాలా తక్కువ దొరుకుతాయి, అందుకే వాటికి విలువ ఎక్కువ.

చెరువులు ఎండిపోతున్నాయి. ఇప్పుడు ఎక్కడ చూడాలి?

నదుల్లో ఇసుక తిన్నెలు, జలాశయాల్లో బయటపడ్డ దిబ్బలు చూడండి. గోదావరి, ప్రాణహిత, కృష్ణ, మంజీర, ఏ నదైనా సరే. మార్చి నుంచి మే దాకా నది టర్న్‌లు, చిన్న ప్రాటిన్‌కోల్‌లు, తీతువులు వంటి నీటి పక్షులు ఇసుక మీదే గుడ్లు పెడతాయి. గూడంటూ ఏమీ ఉండదు. ఇసుకలో చిన్న గుంట, అందులో ఇసుక రంగు గుడ్లు రెండో మూడో. పొట్ట నల్లగా ఉండే టర్న్ కనిపిస్తే మాత్రం అది పెద్ద వార్తే. ఒకప్పుడు మన నదులన్నింటి మీదా ఉన్న ఆ పక్షి ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉంది.

మధ్యాహ్నం వేళ ఈ తల్లుల్ని దూరం నుంచి బైనాక్యులర్స్‌తో చూడండి. ఎండలో గుడ్డు ఉడికిపోకుండా రెక్కలు కాస్త విప్పి నీడ పడుతూ నిలబడతాయి. మధ్యమధ్య నీటి అంచుకు ఎగిరి, పొట్ట ఈకలు తడుపుకుని, వచ్చి ఆ తడితో గుడ్ల మీద కూర్చుంటాయి. ఇలా రోజంతా తిరుగుతూనే ఉంటాయి. మనం ఫొటో కోసం దగ్గరికి వెళ్లి తల్లిని అరగంట లేపి ఉంచితే ఆ గుడ్లు పోయినట్టే. వేసవిలో పక్షులకు మనవల్ల జరిగే చేటుల్లో ఇది మొదటిది. తెలిసి చేసేవాళ్లు తక్కువ, తెలియక చేసేవాళ్లే ఎక్కువ. అందుకే గట్టిగా చెబుతున్నాం. ఇసుక తిన్నె మీద పక్షులు అరుస్తూ మీ తలమీద తిరుగుతుంటే, కింద గుడ్లున్నాయని అర్థం. వచ్చిన దారినే, అడుగు చూసుకుంటూ వెనక్కి వెళ్లిపోండి.

కుక్కలు, పశువులు, ఇసుకలో వేసే పుచ్చ, దోస తోటలు, ఎగువ నుంచి అకస్మాత్తుగా వదిలే నీళ్లు, ఇసుక లారీలు, ఇవన్నీ ఈ గూళ్లకు ముప్పే. ఎక్కడెక్కడ గూళ్లు పెడుతున్నాయో అటవీ శాఖకు తెలిస్తే కనీసం కొన్ని తిన్నెలనైనా ఆ రెండు నెలలు కాపాడొచ్చు. కాబట్టి నది పక్కన ఉండేవాళ్లు రాసే రికార్డులు చాలా అవసరం.

నగరంలో ఉన్నవాళ్లకు అమీన్‌పూర్ చెరువు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ తీరాలు ఉండనే ఉన్నాయి. అమీన్‌పూర్ 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువు.

బైనాక్యులర్స్ లేకపోతే?

చెవులున్నాయి కదా. ఫోన్‌లో కూత రికార్డు చేయండి.

రాత్రిపూట రోడ్డు పక్కన, పొదల దగ్గర పొడవు కాళ్ల పక్షిని చూశాను. కలివికోడేనా?

ముందుగా కలివికోడి (జెర్డాన్స్ కోర్సర్) కథ కొంచెం. 1848లో శాస్త్రానికి తెలిసిన ఈ పక్షి 1900 తర్వాత కనబడకుండా పోయింది. అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్‌కు ఆ ఆచూకీ ఇచ్చింది స్థానిక వేటగాళ్లే. అడవి తెలిసిన మనుషులు వాళ్లు. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఈ పక్షి కోసమే ఏర్పడింది. ఆ తర్వాత మళ్లీ చాలా ఏళ్లు జాడ లేదు. 2025 ఆగస్టులో దాని ఉనికి ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ రుజువైంది. తెలుగు నేల తప్ప ప్రపంచంలో మరెక్కడా దానికి చోటు లేదు.

ఇప్పుడు మీ పక్షి సంగతి. కలివికోడి రాత్రి తిరిగేది. ఛాతీ మీద రెండు గోధుమ పట్టీలు, మధ్యలో తెల్ల గీత, గొంతు దగ్గర నారింజ మచ్చ, కంటి పైన వెడల్పాటి లేత చార ఉంటాయి. దట్టమైన అడవిలో కాదు, పొదకూ పొదకూ మధ్య ఖాళీ నేల ఉండే చిట్టడవిలో ఉంటుంది. చీకటి పడ్డాక కాసేపటికి రెండు అక్షరాల్లా వినిపించే పిలుపు మళ్లీ మళ్లీ ఇస్తుంది.

పొరపాటు పడేది ఎక్కడంటే, పగటిపూట మెట్ట చేలల్లో పరుగెత్తుతూ కనిపించే ఇండియన్ కోర్సర్ దగ్గర. దానికి ఛాతీ అంతా తుప్పు ఎరుపు, పట్టీలుండవు. కళ్ల మీద నల్ల గీత, తెల్ల గీత మెడ వెనక కలుస్తాయి. పసుపు తోలుగల చిటవను చూసి కూడా కలివికోడి అంటారు. దాని కంటి ముందు వేలాడే పసుపు తోలే గుర్తు. రాత్రి టార్చి వెలుగులో పెద్ద పసుపు కళ్లతో నిలబడి చూసేది స్టోన్ కర్ల్యూ కావచ్చు. అది పల్లెల్లో, తోటల్లో కూడా ఉంటుంది, రాత్రుళ్లు గట్టిగా అరుస్తుంది.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా కలివికోడే అనిపిస్తే, స్థలం ఎక్కడా బహిరంగంగా పెట్టకండి. వాట్సాప్ గుంపుల్లో అస్సలు వద్దు. అటవీ శాఖ అధికారులకు, పరిశోధన సంస్థలకు నేరుగా చెప్పండి. మళ్లీ చూద్దామని రాత్రుళ్లు టార్చిలు వేసుకుని మందిని వెంటబెట్టుకుని వెళ్లొద్దు. మిగిలిన కొద్ది పక్షులను మనమే తరిమేసిన వాళ్లమవుతాం.

రోళ్లపాడులో బట్టమేక పిట్టలు ఇంకా ఉన్నాయా?

ఆశ పెట్టుకుని వెళ్లకండి. 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసమే నంద్యాల జిల్లాలో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పాటైంది. ఆ గడ్డి భూముల్లో ఒకప్పుడు మగపక్షి గొంతు సంచి ఊదుకుని నిలబడితే మైళ్ల దూరం కనిపించేది. సాగు పెరిగింది, గడ్డి మైదానాలు ముక్కలయ్యాయి, విద్యుత్ తీగలు వచ్చాయి. బరువైన పక్షి, నేరుగా ముందుకు సరిగ్గా చూడలేదు, తీగలకు తగిలి చనిపోతుంది. ఇప్పుడు ప్రపంచంలో మిగిలినవి 150 ప్రాంతంలో ఉంటాయని అంచనా. వాటిలో అత్యధికం రాజస్థాన్‌లో ఉన్నాయి.

రోళ్లపాడుకు మాత్రం తప్పక వెళ్లండి. కృష్ణజింకలు, గడ్డి మైదానపు భరత పక్షులు, కోర్సర్లు ఉన్నాయి. గడ్డి నేలను బీడు భూమి అని పిలిచి, సోలార్ పలకలకో తోటలకో ఇచ్చేయవచ్చనుకునే ఆలోచన మారకపోతే వీటి వంతు కూడా వస్తుందన్న భయం మాకుంది.

రాబందులు మళ్లీ వస్తున్నాయంటున్నారు. ఎక్కడ?

తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట కొండచరియల మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెడుతున్నట్టు 2013లో బయటపడింది. చలికాలంలో గుడ్డు పెడితే, వేసవి మొదలయ్యేసరికి పిల్ల ఎగరడానికి సిద్ధమవుతుంది. గూటికి ఒక్క పిల్లే. అందుకే పోయిన సంఖ్య తిరిగి రావడానికి అన్నేళ్లు పడుతుంది.

పశువుల నొప్పి మందు డైక్లోఫెనాక్ వీటిని చంపింది. ఆ మందు వేసిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు పాడై కొద్దిరోజుల్లో పోతుంది. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో ఆపారు. మెలాక్సికామ్ రాబందులకు చేటు చేయదు. మీ ఊళ్లో పశువుకు ఇంజెక్షన్ వేయించేటప్పుడు ఏ మందని ఒక్క మాట అడగండి. రాబందు కోసం రైతు చేయగల పెద్ద సాయం అదే.

చదును తోకతో, పొడవైన వెడల్పు రెక్కలతో, రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరిగేది రాబందు. తోక మధ్యలో గాటున్నట్టు ఉంటే అది మామూలు గద్ద.

ఒంటినిండా తెల్ల మచ్చలు, ఎర్ర కళ్లు. డేగ జాతి పక్షి అనుకుంటున్నాం. కాదా?

ఆడ కోకిల. పాడేది నల్లటి మగది. ఆడది గోధుమ రంగులో తెల్ల చుక్కలతో ఉంటుంది, అరుపు గరుగ్గా ఉంటుంది. ఈ కాలంలో కాకి గూళ్ల చుట్టూ దాక్కుంటూ తిరుగుతుంది కాబట్టి బాగా కనిపిస్తుంది.

తెల్ల కాకి? పసుపు చిలుక?

రంగు లోపం వల్ల కాకులు, గోరింకలు, పిచ్చుకలు పూర్తిగానో కొంతో తెల్లగా పుడతాయి. వింతే, కానీ వేరే జాతి కాదు. కళ్లు చెదిరే పసుపు, నీలం చిలుకలు పంజరాల్లోంచి తప్పించుకున్న విదేశీ పెంపుడు పక్షులు. మన రామచిలుకను మాత్రం ఇంట్లో పెంచడమే నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.

కొండల్లో ఈ రోజుల్లో ఏం చూడొచ్చు?

హార్స్‌లీ హిల్స్ బండరాళ్ల మధ్య పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంటుంది. దక్కన్ రాతి కొండలు తప్ప వేరే చోటు ఎరగని పక్షి. పొద్దున ఏడు లోపే, మాట్లాడకుండా కూర్చుంటే పొదల్లోంచి బయటికి వస్తుంది. నల్లమలలో ఫరహాబాద్ వైపు కూడా ఉంది.

అరకు, మారేడుమిల్లి వైపు అడవుల్లో అబాట్స్ బాబ్లర్ అనే చిన్న గోధుమ రంగు పక్షి ఉంది. ఈశాన్య రాష్ట్రాల్లో ఉండే ఆ జాతి మధ్యలో అంత దూరం ఎక్కడా లేకుండా తూర్పు కనుమల్లో విడిగా బతుకుతోంది. ఇక్కడి ఉపజాతికి 1985లో విశాఖపట్నానికి చెందిన పక్షి శాస్త్రవేత్త కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు పెట్టారు. తెలుగువాడి పేరున్న పక్షి మన కొండల్లోనే ఉందని చాలామందికి తెలియదు. పిల్లలకు చెప్పండి. పొడవాటి తెల్ల రిబ్బన్ల తోకతో నీడల్లో ఎగిరే తోకపిగిలి పిట్ట కోసం ఎవరైనా వెళ్తారు. ఈ మట్టిరంగు పక్షి కోసం వెళ్లేవాళ్లు కావాలి.

అభయారణ్యాల్లోకి వెళ్లాలంటే అనుమతి ముందే తీసుకోండి. వేసవిలో కార్చిచ్చు భయంతో కొన్ని దారులు మూసేస్తారు.

ఫొటో లేదు. అయినా రికార్డు రాయొచ్చా?

నిక్షేపంగా. చూసిన వెంటనే, పుస్తకం తిరగేయకముందే, యాప్ తెరవకముందే నాలుగు వాక్యాలు రాసుకోండి. పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? ముక్కు, కాళ్లు, కళ్లు ఏ రంగు? ఏం చేస్తోంది? ఎంత దూరం నుంచి, ఏ వెలుగులో చూశారు? చూడనిది రాయొద్దు. "కాళ్లు కనిపించలేదు" అని రాస్తే రికార్డు నమ్మకం పెరుగుతుందే గాని తగ్గదు. బొమ్మల్లో చూసిన రంగులు మన జ్ఞాపకంలోకి చాలా తొందరగా చొరబడతాయి, అందుకే ముందు రాయమనేది.

చూసిన పక్షుల జాబితాలు పెట్టే ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో మీరు రాసిన పక్షి ఆ ప్రాంతానికి అరుదైనదని తేలితే వివరాలు అడుగుతారు. మిమ్మల్ని శంకించడం కాదు, ప్రతి ఒక్కరినీ అడుగుతారు. చూసిన మామూలు పక్షులను కూడా అదే జాబితాలో రాయండి. పది గోరింకలు, నాలుగు కాకులు లేని జాబితా నుంచి ఏ పక్షి తగ్గుతోందో, ఏది పెరుగుతోందో ఎవరూ చెప్పలేరు.

యాప్ చెప్పిన పేరు నమ్మవచ్చా?

పక్షులను గుర్తుపట్టే మెర్లిన్ లాంటి యాప్‌లు మంచి సాయం. తుది మాట మాత్రం వాటిది కాదు. కూత విని పేరు చెప్పినప్పుడు ఆ పక్షిని కళ్లతో చూసి సరిపోల్చుకున్నాకే రాయండి. ఏట్రింత (డ్రోంగో) లాంటి పక్షులు ఇతర పక్షుల కూతలను అనుకరిస్తాయి. వాటి దెబ్బకు యాప్ బోల్తా పడుతుంది.

పక్షి బయటికి రావడానికి దాని కూత ప్లే చేయొచ్చా?

ఈ నెలల్లో వద్దు. గూడు పెట్టే కాలం. తన హద్దులోకి వేరే మగపక్షి వచ్చిందనుకుని మేత, గూడు వదిలి పోరుకు వస్తుంది. ఎండ నలభై దాటే రోజుల్లో ఆ శ్రమ దానికి చాలా ఖరీదు.

గూటి ఫొటోలు, గూటి దారి కూడా పంచుకోవద్దు. అడ్డుగా ఉందని కొమ్మ వంచితే చాలు, మర్నాటికి కాకి కనిపెట్టేస్తుంది.

ఎండకు సొమ్మసిల్లి పడిపోయిన పక్షి దొరికింది. ఏం చేయాలి?

గాలి ఆడే అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి అందులో ఉంచి, మూత వేసి, చల్లని, చీకటిగా ఉండే చోట పెట్టండి. ముక్కు తెరిచి నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కన మూతలో నీళ్లుంచితే చాలు. అన్నం, పాలు, బ్రెడ్ పెట్టొద్దు. అద్దానికి తగిలి పడిన పక్షి చాలాసార్లు గంటా రెండు గంటల్లో తేరుకుంటుంది. సాయంత్రం చల్లబడ్డాక చెట్ల దగ్గర పెట్టె తెరవండి. రెక్క విరిగినా, లేవలేకపోయినా అటవీ శాఖకు గాని, పక్షుల రక్షణ సంస్థలకు గాని అప్పగించండి.

ఒకేచోట ఎక్కువ పక్షులు చచ్చిపడి ఉంటే ముట్టుకోకండి. పశుసంవర్ధక శాఖకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి గుర్తుండే ఉంటుంది.

ఇంటి ముందు నీళ్ల పళ్లెం పెట్టేవాళ్లు లోతు తక్కువ మట్టి పాత్ర పెట్టి, రోజూ కడిగి మార్చండి.

మే నెలలో తుఫాను వస్తే సముద్ర పక్షులు కనిపిస్తాయంటారు. నిజమా?

నిజమే. బంగాళాఖాతంలో వేసవి తుఫాన్లు నడిసముద్రంలో ఉండే సూటీ టర్న్, ఫ్రిగేట్ పక్షి లాంటి వాటిని తీరానికి, ఒక్కోసారి లోపలి చెరువులకూ తోస్తాయి. 2022 మేలో మచిలీపట్నం దగ్గర తీరం దాటిన అసని లాంటి తుఫాను వెలిసిన మర్నాడు తీరం వెంట ఉన్నవాళ్లు ఆకాశం ఒకసారి గమనించండి. హెచ్చరికలు తీసేశాకే బయటికి వెళ్లాలి. ఆ పక్షులు చాలావరకు ఆకలితో, అలసటతో ఉంటాయి. దూరం నుంచి చూసి రాసుకోండి.

అందరం కలిసి లెక్కపెట్టే రోజు ఏదైనా ఉందా?

ఏటా మే రెండో శనివారం. ప్రపంచమంతా పక్షుల లెక్క జరుగుతుంది, మన దేశంలో అదే రోజు ఇక్కడ మాత్రమే ఉండే జాతుల మీద దృష్టి పెడతారు. పదిహేను నిమిషాలు మీ డాబా మీద నిలబడి రాసినా లెక్కలోకి వస్తుంది. తెలంగాణ, రాయలసీమ పల్లెల నుంచి జాబితాలు ఎప్పుడూ తక్కువే వస్తాయి.

నా దగ్గర పదేళ్ల నాటి ఫొటోలున్నాయి. ఇప్పుడు పనికొస్తాయా?

పనికొస్తాయి. తేదీ, ఊరు కచ్చితంగా తెలిసినవి మాత్రమే ఈ-బర్డ్‌లో ఎక్కించండి. కెమెరాలో తేదీ తప్పుగా ఉందేమో ఒకసారి చూసుకోండి. ఊరు గుర్తుండి రోజు గుర్తులేకపోతే, అదే రోజు తీసిన ఇతర ఫొటోలను బట్టి పెళ్లో, జాతరో, పరీక్షలో ఏదో ఒకటి దొరుకుతుంది, దాన్ని పట్టుకుని తేదీ తేల్చవచ్చు. నాన్నగారి పాత డైరీల్లో పక్షుల పేర్లు రాసి ఉంటే అవి కూడా స్కాన్ చేసి ఉంచండి. ఊళ్లో వాడే పేరు ఉన్నది ఉన్నట్టుగా రాయండి, శాస్త్రీయ నామం తర్వాత కలిసి వెతుకుదాం.